నెక్కొండ అని చెప్పిన గొంతు

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి. గొంతు వినిపించిందంటే అవతల మనిషి ఉండి తీరాలని నా లెక్క.

ఇప్పుడు సరదాకి విమానం నడిపేవాళ్ళు ఫోను చూసి, ఎక్కడున్నారో అడుగులతో సహా చెప్పేస్తున్నారు. ఎనభైల్లో, వరంగల్ బయట మా చిన్న ఫ్లయింగ్ క్లబ్బులో మ్యాపు, దిక్సూచి, రైలు పట్టాలే దిక్కు. దారి తప్పితే బాగా కిందికి దిగి, గాల్లోంచే స్టేషను పసుపు బోర్డు చదువుకోవాల్సిందే. నేను క్లబ్బులో రేడియో దగ్గర కూర్చునేవాణ్ణి.

రాజేందర్ హన్మకొండ బట్టల వ్యాపారి కొడుకు. ఆదివారాలు వచ్చి విమానం తీసేవాడు. నేనంటే ప్రాణం. ఆ రోజు వాడు వెళ్ళిన కాసేపటికే మబ్బు కమ్మింది. పదిన్నరకు రేడియోలో వాడి గొంతు వినిపించింది.

"అన్నా, దారి తప్పిన. కిందికి దిగి బోర్డు చదివిన. నెక్కొండ. ఫికర్ చెయ్యకు, వస్తున్న."

పుస్తకంలో రాసుకున్నాను. వాడు రాలేదు.

మధ్యాహ్నం ములుగు నుంచి వచ్చిన బస్సు డ్రైవరు, అడవి మీద ఒక విమానం మరీ కిందికి పోవడం చూశానన్నాడు. మాకున్నవి రెండే జీపులు. రెండూ వేరే దిక్కున ఉన్న నెక్కొండకే బయల్దేరదీశాను. రాజేందర్ వాళ్ళ నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"జర ఒక్క జీపన్నా అటు పంపు బిడ్డా."

నాకు విసుగొచ్చింది. "నా చెవులతోటి విన్న బాపూ. నెక్కొండనే."

నెక్కొండ చుట్టూ చేలన్నీ గాలించారు. స్టేషనులో ఎవరూ ఆ రోజు విమానమే చూడలేదట. మర్నాడు కట్టెలకు పోయినవాళ్ళకు ములుగు అవతల, మేడారం వైపు అడవిలో దొరికాడు. నెత్తురు పోయి చనిపోయాడనీ, చీకటి పడేదాకా ప్రాణం ఉండి ఉంటుందనీ దవాఖానలో చెప్పారు.

విరిగిన విమానంలో రేడియో బ్యాటరీ పెట్టే చోటు ఖాళీగా ఉంది. షెడ్డుకు వచ్చి చూస్తే, శనివారం నేను ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీ బల్ల మీదే ఉంది. తిరిగి బిగించడం మరిచిపోయాను. అది లేకుండా ఆ రేడియో పలకదు. పుస్తకంలో మాత్రం పదిన్నర, నెక్కొండ అని నా చేతిరాతే.

పదో రోజున వాళ్ళ నాన్న, కొడుకు ఆఖరి మాట ఏమిటని అడిగాడు. ఫికర్ చెయ్యకన్నాడని చెప్పాను. బ్యాటరీ సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

ఆ గొంతు ఎవరిదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆ ముసలాయన అడిగిన ఒక్క జీపు పంపి ఉంటే రాజేందర్ బతికేవాడు. అది మాత్రం తెలుసు.