బకెట్లు దిగిన తిన్నె

కరోనా తగ్గాక వచ్చిన రెండో ఎండాకాలంలో, చిత్తూరులో నేను పనిచేసే ఎముకల ఆసుపత్రి వాళ్లు నన్ను టైలర్ ఖాదర్ సాయిబు ఇంటికి డ్యూటీ వేశారు. నేను ఆయాని. మా ఆయన పోయాక ఆ పనిలో చేరి, నా నడుం నొప్పెట్టేదాకా ఇంకొకళ్ల నడుములు పట్టుకుని, ఈ మధ్యే మానుకున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. అందుకని ఇదంతా నోటితో చెబుతున్నాను.

ఆసుపత్రిలో వరస ఇట్లా ఉంటుంది. డాక్టరు మోకాలు మారుస్తాడు. ఫిజియో సారు దాన్నెట్లా వంచాలో చూపిస్తాడు. సిస్టరమ్మ మాత్రలు చెబుతుంది. ఆ తర్వాత రోజూ ఇంటికి వెళ్లి, తిట్లు తింటూ నడిపించేది ఆయా. ముందు వాకరు, తర్వాత ఆపరేషనైన కాలు, చివర మంచి కాలు. మనం ఆ కాలి పక్కనే అరడుగు వెనక ఉండాలి. చెయ్యి పట్టి లాగకూడదు.

సాయిబుది కుడి మోకాలు. మళ్లీ చూపించుకునే నాటికి సరిగ్గా వంగకపోతే మత్తిచ్చి బలవంతంగా వంచుతామని డాక్టరు చెప్పి పంపాడు. సాయిబుకు మత్తంటే భయం. మిషను తొక్కలేనేమోనని అంతకన్నా భయం. కొడుకు మోటారు మిషను కొనిస్తానంటే, "కుట్టేది నేనా, కరెంటా?" అన్నాడు.

ఇంట్లో చెప్పినవన్నీ చేసేవాడు. వీధిలోకి వస్తేనే పేచీ. టీ అంగడి దాకా నడిపించమని ఫిజియో సారు మాట. సాయిబు కరెంటు స్తంభం దాకా వచ్చి వెనక్కి తిరిగేవాడు. అవి కత్తిరి ఎండలు, ఏడాది మొత్తమ్మీద ఎక్కువ మండే రోజులు. నేను పూతలపట్టు నుంచి మొదటి బస్సుకు వచ్చేసరికే గోడలు వేడెక్కుతుండేవి.

"వాకరు పట్టుకుంటే దోసె పెనం పట్టుకున్నట్టుండాది రాజమ్మా, రేపు పోదాంలే" అనేవాడు.

ఆ రేపటికి వాన కురిసి మురుగు కాలవ పలకల మీద నీళ్లు నిలిచాయి. "జారినానంటే రెండో మోకాలు గూడా మారుస్తారు. నీకు డ్యూటీ పెరుగుతాదిలే" అన్నాడు.

"కాలు కుంటక ముందే కుంటిసాకులు నేర్సుకున్నట్టుండావే అన్నా" అన్నాను నేను.

స్తంభానికి అవతల శెట్టెమ్మ చిల్లర అంగడి. ఆ వీధిలో ఒకప్పుడు ప్రతి ఇంటి ముందూ తిన్నె ఉండేదట, దారిన పోయేవాళ్లు కూర్చునేంత అరుగు. కాలవ కట్టినప్పుడు కొన్ని పగలగొట్టారు. మిగతావాటిని మోటారు సైకిళ్లు ఎక్కించుకోవడానికి వాలుగా చేసుకున్నారు. మిగిలింది శెట్టెమ్మది ఒక్కటే. దాని నిండా ప్లాస్టిక్ బకెట్లు, చీపుర్లు.

ఒకరోజు ఆమె అంగట్లోంచే అడిగింది.

"ఏమప్పా సాయిబూ, దినమూ ఆ స్తంభానికి దండం పెట్టి ఎనక్కి పోతావే, దానికేమన్నా మొక్కుకోనుండావా?"

"ముందుకొస్తే కూసునేదానికి యాడుండాది శెట్టెమ్మా? నీ తిన్నె మీద బకెట్లు కూసోనుండాయి."

"బకెట్లు నీ మాదిరి నా రవిక బిగించి కుట్టలేదు గదా."

ఆ రవిక ఆమె పెళ్లినాటిదని, ఇన్నేళ్లూ ఆ మాట వదల్లేదని తర్వాత తెలిసింది.

నాకు అప్పుడు అర్థమైంది. సాయిబు ఎండకూ నొప్పికీ వెనక్కి తిరగడం లేదు. స్తంభం దగ్గర నిలబడి, అక్కడినుంచి టీ అంగడి దాకా కూర్చునే చోటు కోసం చూసి తిరుగుతున్నాడు.

మర్నాడు తిన్నె సగం ఖాళీగా ఉంది. రాయి చల్లబడేలా నీళ్లు చల్లి, పైన గోనెపట్ట పరిచి ఉంది.

"నీ కోసం కాదులే. ఎండకు బకెట్లు మెత్తబడతా ఉండాయని లోపల పెట్టినా" అంది శెట్టెమ్మ.

సాయిబు స్తంభం దాటాడు. పొద్దున అంగడి వరసలోనే నీడ పడుతుంది కాబట్టి నేను ఆ పక్కకే నడిపించాను. కూర్చున్నాడు, లేచాడు, టీ అంగడి దాకా పోయాడు. వచ్చేటప్పుడు మళ్లీ కూర్చున్నాడు. ఆ ఎత్తున కూర్చుని లేవడం కూడా మోకాలికి పనేనని ఫిజియో సారు విని సంతోషించాడు.

మళ్లీ చూపించుకున్న రోజు మోకాలు చాలినంత వంగింది. మత్తు అక్కర్లేకపోయింది. మిషనెక్కి సాయిబు మొదట కుట్టింది శెట్టెమ్మకు రవిక. అంగడికి తెచ్చి ఇస్తే ఆమె దాన్ని ఎత్తి పట్టుకుని చూసింది.

"దీంట్లోకి నేనూ మా కోడలూ ఇద్దరమూ దూరొచ్చు సాయిబూ."

"దూరండి. ఈసారి బిగువని మాత్రం అనొద్దు" అన్నాడాయన, తిన్నె మీద నుంచి లేవకుండానే.

ఆ తర్వాత ఏ ఇంటికి డ్యూటీ వేసినా, రోగిని చూడకముందే నేను ఒకసారి వీధి చివరిదాకా పోయి వచ్చేదాన్ని. ఏ పక్క నీడ పడుతుందో, యాడ కూర్చోవచ్చో చూసుకున్నాకే వాకరు బయటికి తీసేదాన్ని. కూర్చునే చోటు లేని వీధిలో ముసలివాళ్లను నడవమని తిట్టి లాభం లేదు.