గోడ లేని తలుపు

ఆ వడ్రంగి పాతికేళ్లుగా ఊళ్లోవాళ్ల ఇళ్లకు తలుపులు బిగిస్తున్నాడు గానీ, సొంతింట్లో ఉన్నది ఒక్కటే గది. అతను తలుపులు చేసేదీ, అతని భార్య బట్టలు కుట్టేదీ అందులోనే. ఒకరోజు ఆమె కత్తెర పక్కన పడేసి, "పొద్దస్తమానం ఒకరి కళ్లెదుట ఒకరం ఉంటే ఊపిరాడట్లేదండీ. నాకంటూ ఒక మూల కావాలి" అంది.

అతని మనసు చివుక్కుమంది. అయినా రెండు రోజుల్లో గది మధ్య చెక్కగోడ కట్టి, తలుపు బిగించాడు. ఆమె లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. గంట తిరక్కుండానే, "ఏమండీ, ఉలుకూ పలుకూ లేదు? నన్ను మర్చిపోయారా?" అని కేకేసింది.

మాట వినబడాలని అతను ఒక చెక్క ఊడదీశాడు. మొహం కనబడట్లేదంటే ఇంకొకటి తీశాడు. "మరీ అలా చూడకండి" అంటే ఒకటి తిరిగి కొట్టాడు. నెల తిరిగేసరికి తీసీ కొట్టీ చెక్కలన్నీ చీలిపోయి, గది నడుమ ద్వారబంధంతో సహా తలుపొక్కటే మిగిలింది. ఇద్దరికీ ప్రాణం హాయిగా ఉంది. మాట్లాడాలనిపిస్తే తలుపు కొట్టేవారు. ఇష్టం లేకపోతే అవతలివాళ్లు తీసేవారు కాదు.

ఒకనాడు ఆమె అక్క వచ్చి, తలుపు పక్కనుంచి నేరుగా చెల్లెలి దగ్గరికి నడిచింది.

"అదేంటక్కా, తలుపు కొట్టకుండా వచ్చేయడమేనా?" అని చెల్లెలు గయ్యిమంది.

"గోడేదే?"

"గోడతో పనేముంది వదినా, మర్యాద ఉండాలి గానీ" అన్నాడు వడ్రంగి.

అక్క బిక్కమొహంతో వెనక్కొచ్చి తలుపు కొట్టింది. చెల్లెలు తీయలేదు.

"పనిలో ఉన్నట్టుంది" అంటూ అతను వదినకు కుర్చీ వేశాడు.