పైడిరాజు కాలికి నేను రాసిన కొలత

మా కళాశాలలో బి.ఏ. చివరి సంవత్సరం చరిత్ర చదువుతున్న పైడిరాజు ఇక లేడు. విజయనగరం ఆసుపత్రిలో ప్రాణం విడిచి నేటికి పద్నాలుగు రోజులు. ఆ దుర్వార్తను నోటీసు కాగితం మీద టైపు చేయవలసిన పని, ఈ ఆఫీసుకు హెడ్ గుమాస్తాను గనక, నాదే అయింది. 'మిక్కిలి విచారముతో తెలియజేయడమైనది' అన్న వాక్యాన్ని నేను కళ్లు మూసుకుని కొట్టగలను. ఆనాడు పేరుకు ముందు అలవాటుకొద్దీ 'చిరంజీవి' అని కొట్టాను. ప్రిన్సిపాలుగారు చదివి ఆ మాట కింద గీత గీశారు. ఇంకో కాగితం ఎక్కించి మళ్లీ కొట్టాను.

కళాశాల పత్రికకు సంస్మరణ వ్యాసం ఎవరు రాయాలన్న ప్రస్తావన వచ్చినప్పుడు తెలుగు పంతులుగారి వైపు అందరూ చూశారు. నేను రాస్తానన్నాను. గుమాస్తాకు వ్యాసమేమిటని ఒకరిద్దరు నవ్వుకున్నారట. నవ్వుకోనీండి. ఇలాంటి వ్యాసాల్లో గతించినవాడు ప్రతిసారీ స్నేహశీలి, మితభాషి, వినయసంపన్నుడు అవుతాడు. పైడిరాజు మితభాషి కాడు. వాగుడుకాయ. వినయం కూడా పనిబడితేనే చూపించేవాడు. వాడి గురించి నేను చెప్పవలసినది మరొకటి ఉంది, అది ఈ కళాశాలలో నాకు తప్ప మరెవరికీ తెలియదు.

వాడిది భోగాపురం పక్క పల్లె. చోడి, వేరుసెనగ పండించుకునే మెట్టరైతుల ఇల్లు. నాలుగో ఏట విషజ్వరం వచ్చి ఎడమకాలు చచ్చుబడిపోయింది. ఆ కాలి మోకాలి మీద చెయ్యి ఆనించి, అడుగడుక్కీ నడుం వంచి లేస్తూ నడిచేవాడు. కళాశాలలో చేరిన మొదటిరోజు ఇద్దరు తోటి పిల్లలు వాణ్ణి చేతుల మీద ఎత్తుకుని మేడమెట్లు ఎక్కించబోయారు. వరండాలో నేను చూస్తూనే ఉన్నాను. "దించండ్రా బాబూ! నానేటి, సంతకి మోసుకెల్లే గుమ్మడికాయనేటి?" అని కేకలు పెట్టి దిగిపోయి, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే పాక్కుంటూ ఎక్కాడు. పైకి చేరేసరికి పాఠం సగం అయిపోయింది. చరిత్ర తరగతి మేడ మీద జరిగేది. ఆ తరగతిని కిందకు దించవచ్చునన్న ఆలోచన మూడేళ్లలో మా సిబ్బందిలో ఒక్కరికైనా రాలేదు. నాకూ రాలేదు. ఇది రాస్తుంటే ఇప్పుడు నాకు సిగ్గు వేస్తోంది.

వాడికి లెక్చరరు కావాలని కోరిక. కోరిక అనడం తక్కువ, పట్టుదల. "సార్, నాకు కాలు లేదు గానీ తొందరున్నాది" అనేవాడు. బి.ఏ. మంచి క్లాసులో పాసై, వాల్తేరు వెళ్లి ఎం.ఏ. చదివి, ఇదే మేడ మీద ఇదే తరగతిలో పాఠం చెప్పాలట. అప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఒక చేత పుస్తకం, ఒక చేత సుద్దముక్క పట్టుకోవాలి గదా అనేవాడు. అంగవైకల్యం ఉన్న విద్యార్థులకు ప్రభుత్వం ఉపకారవేతనంతో పాటు కాలిపరు కూడా ఇస్తుందని వాడికి చెప్పినవాణ్ణి నేనే. కాలిపరు అంటే తొడ నుంచి మడమ దాకా రెండు పక్కలా ఇనుప కమ్మీలు, తోలుపట్టీలు, మోకాలి దగ్గర కీలు, కింద బూటు. అది కట్టుకుంటే చచ్చుబడిన కాలు కూడా నిటారుగా నిలబడుతుంది. వాడు విని తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

ఇక్కడ నా పని తీరు గురించి కొంత చెప్పుకోవాలి. స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపడంలో నన్ను మించినవాడు ఈ జిల్లాలో లేడని నాకు గర్వం. నేను నింపిన కాగితం తిరిగొచ్చిన పాపాన పోలేదు. ఏ గడిలో ఏం రాస్తే ఫైలు కదులుతుందో, ఏం రాస్తే కూర్చుంటుందో నాకు కంఠతా వచ్చు. దరఖాస్తులో కాలి కొలతల గడి ఉంది. వాళ్ల అమ్మ అప్పలనర్సమ్మ పసుపు రాసిన నూలుతాడు పట్టుకుని ఊరి నుంచి వచ్చింది. గజ్జల దగ్గర ఒక ముడి, మోకాలి దగ్గర ఒకటి, మడమ దగ్గర ఒకటి. "బాగా చూసి వేసినాను బాబూ ముడులు, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి" అంది. తాడును నా బల్ల మీద పరిచి, స్కేలుతో కొలిచి అంకెలు వేశాను. మోకాలి పైన ఒక అంగుళం, కింద ఒక అంగుళం కలిపి మరీ వేశాను.

ఎందుకు కలిపానో చెబుతాను. మంజూరు రావడానికి తక్కువలో తక్కువ రెండేళ్లు పడుతుందని నాకు తెలుసు. పదిహేడేళ్ల పిల్లాడు రెండేళ్లలో ఎదగడా? మా పిల్లలకు చొక్కాలు కుట్టించేటప్పుడు పెరిగే వయసని దర్జీకి చెప్పి వదులుగా పెట్టించమూ? అదే లెక్క. ఈ ముందుచూపు మరొకరికి ఉండదని లోలోపల మురిసిపోయాను కూడా. ఆ తల్లి ఎదురుగానే నిలబడి ఉంది. ఆమెను ఒక్కమాట అడిగి ఉండవలసింది. అడగలేదు. దరఖాస్తును ధ్రువీకరించవలసిన డాక్టరుగారు నా అంకెల మీద నమ్మకంతో సంతకం పెట్టారు.

కాలిపరు ఉన్న పెట్టె వచ్చేసరికి నిజంగానే రెండేళ్లు గడిచి, వాడు చివరి సంవత్సరంలోకి వచ్చాడు. బయట వాన. ఆఫీసు గదిలోనే పెట్టె విప్పాం. కొత్త తోలు వాసన గదంతా నిండిపోయింది. ఇద్దరం కలిసి పట్టీలు బిగించాం. వాడు బల్ల పట్టుకుని లేచి, తరువాత బల్ల వదిలేశాడు. వదిలేసి అలాగే నిలబడ్డాడు. "సార్, నా రెండు సేతులూ ఖాళీగా ఉన్నాయి. ఈటితో ఏటి సెయ్యాలో తెల్దు సార్" అన్నాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ నీళ్ల మధ్య నుంచే చూశాను, ఇనుప కీలు మోకాలికి కింద ఉంది. పై కమ్మీ గజ్జల్లోకి పొడుచుకు వస్తోంది. కాలు వంచబోతే ఇనుము ఒకచోట వంగుతోంది, కాలు మరొకచోట వంగుతోంది.

మనిషి ఎదిగాడు. కుడికాలు ఎదిగింది. నాలుగో ఏట చచ్చుబడిన కాలు దానితో సమంగా ఎదగదు. ఈ చిన్న విషయం అంత ముందుచూపు గల నాకు అప్పుడు తోచింది.

"తిరిగి పంపించీద్దామేటి సార్?" అని అడిగాడు. నేను వాడికి ఉన్నమాటే చెప్పాను. వెనక్కి పంపితే ఫైలు అడుగుకు వెళ్లిపోతుంది, మళ్లీ రెండేళ్లు, అప్పటికి నీ బి.ఏ. అయిపోతుంది, ఆపైన వేతనానికి కూడా ఎవడో అడ్డం తగులుతాడు. రసీదులో 'సరిపోయినది' అని రాసి సంతకం పెట్టమన్నాను. కాసిని గుడ్డపీలికలు కుక్కి పట్టీలు బిగించుకుంటే అదే అలవాటవుతుందన్నాను. వాడు నా మొహంలోకి చూసి, కలం అందుకుని సంతకం పెట్టాడు. నా మీద వాడికి అంత నమ్మకం.

అప్పటి నుంచి మేడమెట్ల మీద ఇనుప బూటు చప్పుడు వినిపించేది. మొదట్లో ఆ చప్పుడు వింటే ప్రాణం లేచివచ్చేది నాకు. గంట కొట్టకముందే తరగతిలో ఉండేవాడు. చరిత్ర మేష్టారు ఒకరోజు సెలవు పెడితే సుద్దముక్క పట్టుకుని తానే నిలబడి పాఠం చెప్పాడనీ, వెనకబెంచీ వాళ్లు కూడా అల్లరి చేయకుండా విన్నారనీ తెలిసి వాణ్ణి పిలిచి మందలించినట్టు నటించాను. "మరేటి సార్, సేతులు ఖాళీగా ఉన్నాయని గోళ్లు గిల్లుకోమంటారేటి?" అన్నాడు. దసరా సెలవుల తరువాత ఆ చప్పుడు మారింది. రెండు మెట్లకోసారి ఆగేది. మీదికి చేరేసరికి చాలాసేపు పట్టేది. నేను బల్ల దగ్గర కూర్చుని, తెలియకుండానే ఆ మెట్లు లెక్కపెడుతూ ఉండేవాణ్ణి. అడిగితే "బాగున్నాది సార్, అలవాటైపోతాది" అనేవాడు. ఆముదంలో పసుపు కలిపి రాస్తున్న వాసన వాడి దగ్గర వచ్చేది. ఆ వాసన నాకు తెలుసు. తెలిసీ ఫైళ్లలో తల దూర్చాను.

డిసెంబరులో అర్ధసంవత్సరపు నివేదిక పంపవలసి వచ్చింది. ఉపకరణం వాడుక ఎలా ఉన్నదన్న ప్రశ్నకు ఎదురుగా ఖాళీ గడి. వాణ్ణి పిలిచాను. "నిజం రాస్తే ఏటవుతాది సార్?" అని నెమ్మదిగా అడిగాడు. "ఫైలు ఆగుతాది. పరీక్షలు నెత్తి మీదున్నాయి. మూడు నెలలు ఓర్చుకోలేవురా?" అని కసిరాను. "అయితే తృప్తికరమనే రాయండి సార్. మీ సేతి రాత ఎప్పుడూ ఎనక్కి రాదంట గదా" అన్నాడు. ఎగతాళి కాదు, ఆప్యాయంగానే అన్నాడు. 'తృప్తికరము' అని గుండ్రటి అక్షరాలతో రాశాను.

ఫిబ్రవరిలో ఒక బుధవారం నాడు పరీక్ష దరఖాస్తు మీద సంతకం కోసం ఆఫీసుకు వచ్చాడు. బల్లకు ఆనుకుని నిలబడ్డాడు గాని ఏమీ మాట్లాడడు. "ఏటిరా, నోటికి తాళం వేశావా, నీకూ నాకూ సుఖంగా ఉంటాది" అని ఆటపట్టించాను. పళ్ల మధ్య నుంచి "దవడ పట్టేసింది సార్" అని వచ్చింది. నవ్వబోయాడు. ఆ నవ్వు మొహం మీద అలాగే బిగుసుకుపోయింది. రిక్షాలో ఆసుపత్రికి తీసుకువెళ్లాను. డాక్టరు పట్టీలు కోసి, పీలికలు ఒక్కొక్కటే తీస్తుంటే తొడ లోపలి వైపు ఆ పుండు చూడలేక గోడ వైపు తిరిగిపోయాను. ధనుర్వాతం అన్నారు. మూడు రోజులు ఒళ్లు విల్లులా వంగిపోతూ ఉంటే, ఎవరు తలుపు తీసినా, ఎవరు గట్టిగా మాట్లాడినా వాడి బాధ ఎక్కువయ్యేది. అంత మాటకారి పిల్లాడి చుట్టూ మేమందరం నోరు మెదపకుండా కూర్చున్నాం. శనివారం మధ్యాహ్నం పోయాడు.

నిన్న, దినకార్యాలు అయిన మర్నాడు, అప్పలనర్సమ్మ ఆఫీసుకు వచ్చింది. చంకలో పాత చీరముక్కలో చుట్టిన కాలిపరు. చింతపండు పెట్టి తోమినట్టుంది, ఇనుము మెరుస్తోంది. బల్ల మీద పెట్టి చేతులు జోడించింది. "మా వోడు సెప్పేవోడు బాబూ, గుమాస్తాగారు రాసిన కొలత నా కాలికి అతికినట్టు సరిపోయిందమ్మా అని. పుండెలాగొచ్చిందిరా అంటే, మెట్ల మీద జారి గీసుకుపోనాదన్నాడు. ఈ యేడు నరసన్నపేట నుంచి షావుకారు గారి పిల్ల చేరిందంట గదా, ఆ యమ్మకీ ఇలాటి కాలేనంట. మా వోడే సెప్పినాడు. ఆ పిల్లకియ్యండి బాబూ. మా వోడికి అచ్చిరాలేదు, ఆ పిల్లయినా నడుస్తాది."

ఆ అమ్మాయి దరఖాస్తు అప్పటికి నా సొరుగులోనే ఉంది. తీసుకుంటానని తల ఊపితే సరిపోయేది. అలా ఊపడం నాకు కొత్తేమీ కాదు. ఊపలేకపోయాను. "అమ్మా, అది మీవాడికి సరిపోలేదు. కొలత నేనే కలిపి రాశాను. ఎదుగుతాడని రెండంగుళాలు ఎక్కువ వేశాను. తిరిగి పంపొద్దన్నది కూడా నేనే" అన్నాను. ఎలా అన్నానో, ఎంతసేపట్లో అన్నానో నాకు గుర్తు లేదు. ఆమె మెరుస్తున్న ఆ ఇనుము వైపు చూస్తూ నిలబడింది.

"ఆ కాలు ఎదగదని నన్నడిగితే నాను సెప్పీదాన్ని గదా బాబూ" అంది.

తరువాత కాలిపరును మళ్లీ ఆ చీరముక్కలోనే చుట్టుకుని వెళ్లిపోయింది. నరసన్నపేట అమ్మాయి దరఖాస్తులో కొలతల గడి ఖాళీగానే ఉంచాను. ఆ పిల్లను తీసుకుని కొలత తీసేవాళ్ల దగ్గరకే స్వయంగా వెళ్లాలని ప్రిన్సిపాలుగారికి సెలవుచీటీ ఇచ్చాను. చరిత్ర తరగతిని కిందకు దించమని కూడా అందులోనే రాశాను. పైడిరాజుకు ఇవి ఎందుకూ పనికిరావు.

వాడి మేధ గురించి, వాగ్ధాటి గురించి, అకాలంగా అస్తమించిన ఆశాజ్యోతి గురించి తెలుగు పంతులుగారు నాకన్నా చక్కగా రాయగలరు. అవన్నీ నిజమే. నాకు తెలిసిన పైడిరాజు వేరు. తొడలో ఇనుము దిగుతూ ఉంటే, కన్నతల్లితో కూడా నా కొలత సరిపోయిందని చెప్పి, నా మాట పోకుండా కాపాడుకుంటూ వచ్చినవాడు. నాయనా, నీకు నమస్కరించడానికి కూడా నేను తగను. అటువంటి బిడ్డను ఆ తల్లికి నేను లేకుండా చేశాను.