గింజ పట్టని పొద్దుతిరుగుడు

చలికాలంలో ఎండిపోయి, వసంతం రాగానే అదే వేరు నుంచి మళ్ళీ లేచే పొద్దుతిరుగుడంటే వెర్లాకు ప్రాణం. బడి వంటగదిలో పని మానేశాక ఆమెకు వేరే ధ్యాసే లేదు. ఏప్రిల్ వస్తే పార పట్టుకుని దుబ్బు చీల్చడం, వద్దన్నవాళ్ళకు కూడా ఓ వేరు ముక్క అంటగట్టడం. ఊళ్ళో ఆమె మొక్క లేని పెరడు లేదు.

శ్మశానం పక్క ఎకరంలో పాత రోజుల పచ్చికను, అందులో పూసే పొద్దుతిరుగుడుతో సహా, మళ్ళీ పెంచుదామని చర్చివాళ్ళు అనుకున్నారు. ఈ చుట్టుపక్కల నేలలో పండిన గింజే కావాలన్నారు. "నేనిస్తా" అని వెర్లా అందరి ముందూ మాటిచ్చేసింది. మూడేళ్ళు వరసగా అక్టోబరులో పూలు నలిపింది. అరచేతిలో పొట్టే మిగిలింది. ఇంకొక్క ఏడు చూసి మామూలు గడ్డి విత్తనాలు చల్లేస్తామన్నారు. ఆమెకు ఏడుపొచ్చింది.

వదిన డెల్ఫా మాత్రం నవ్వింది. "చిన్నప్పుడు వేసవులన్నీ మొక్కజొన్న చేలల్లో, పక్క వరస పుప్పొడితోనే గింజ కట్టాలని మగపూత పీకావు కదే, ఆ మాత్రం తెలీదా? ఊరంతా పంచింది ఒక్క దుబ్బునే. దానికదే గింజ ఎలా కడుతుంది? వేరే చోటి వేరు తెచ్చుకో."

"అది ఎల్డన్ ఇంటి ముందే ఉంది. వాడి గుమ్మం తొక్కను."

పదకొండేళ్ళ కిందట తన ఇంటి ముందు రోడ్డు గట్టున పూత మీదున్న దుబ్బును రైతు ఎల్డన్ ట్రాక్టరుతో కోసేశాడు. వెర్లా నడిరోడ్డు మీద నానా మాటలూ అంది. అతనూ తక్కువ తినలేదు. ఆనాటి నుంచి ఆమె ఆ రోడ్డు మొహమే చూడలేదు.

చలికాలమంతా గింజుకుని, ఏప్రిల్‌లో పారా బకెట్టూ బండిలో వేసుకుని ఆరు మైళ్ళ దూరంలోని అతని ఇంటికి వెళ్ళింది.

ఎల్డన్ గుమ్మంలోకి వచ్చాడు. "మళ్ళీ తిట్టడానికొచ్చావా?"

"కాదు. ఒక వేరు ముక్క ఇస్తావేమోనని."

అతను ఆమెను వెంటబెట్టుకుని రోడ్డు దాకా నడిచాడు. గట్టు పొడుగునా నిరుటి ఎండు కాడలు మనిషెత్తున నిలబడి ఉన్నాయి.

"కొయ్యడం ఎప్పుడు మానేశావు?"

"నువ్వు తిట్టిన రోజు నుంచి."

"చెప్పొచ్చుగా మరి!"

"ఏమని చెప్పను? గింజ పడితే తెచ్చి నీ మొహాన కొడదామనుకున్నా. పదేళ్ళు నలిపి చూశా, ఒక్కటీ పట్టలేదు. ఆ రోజు కోసేసి దాన్ని పాడు చేశానేమో అనుకున్నా."

 పాపం, మనిషి ఇన్నేళ్ళూ ఆ బాధను ఒక్కడే మోశాడు. వెర్లా పార అతని చేతికిచ్చింది.

"నువ్వేం పాడు చెయ్యలేదు, దానికి జత లేదంతే. తవ్వు. తవ్వాక నా బండెక్కు, మా దుబ్బు ముక్క తెచ్చి ఇక్కడ నాటుదువుగాని."