నేల నుంచి కొలిచిన ఆకుపచ్చ గీత

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా వరస రైల్వే క్వార్టర్ల మీదుగా విమానం వెళ్తే ఎవరూ పైకి చూసేవారు కాదు. అందరూ మా బావ వైపు చూసేవారు.

బావ అంటే మా అక్క మొగుడు. విమానం చప్పుడు వినిపిస్తే చాలు, గడ్డం సబ్బుతోనే వాకిట్లోకి వచ్చేసేవాడు. చేయి నొసటికి అడ్డం పెట్టుకుని అది కనుమరుగయ్యేదాకా చూసి, పెదవి విరిచేవాడు.

"ఇదేటి రంగు! ఇస్త్రీ సేసిన లాగులాగుంది. మా కొంగని సూడాల మీరు. వీపు తెలుపు, పొట్ట వెండి, మజ్జిలో ఆకుపచ్చ గీత. తోక మీద రెక్కలిప్పిన కొంగ. ఆ కొంగని రాసిన సెయ్యి ఇదే."

ఎదురింటి ఫిట్టరు ఊరుకునేవాడు కాదు. "బావగోరూ, మీ కొంగకి సేపలేసేవోరా, గింజలేసేవోరా?"

"నవ్వండి, నవ్వండి. దాన్ని సూసినోడెవడూ నవ్వలేదు."

ఆ మాట నిజమో కాదో తెలియదు, ఎందుకంటే దాన్ని చూసినవాడెవడూ మా వీధిలో లేడు. బావ మా దగ్గరికి రాకముందు కలకత్తా దమ్‌దమ్‌లో ఒక చిన్న విమాన కంపెనీకి రంగులు వేసే కాంట్రాక్టరు కింద పని చేశాడు. దేశంలో ఉన్న చిన్న కంపెనీలన్నీ కలిసిపోయి ఒక్కటైపోయినప్పుడు విమానాలన్నింటికీ ఒకటే రంగు వెయ్యమన్నారు. ఆ చివరి రోజుల్లో బావకి అప్పజెప్పిన పని, తను రాసిన కొంగల మీద తెల్లరంగు పూయడం. అది అయిపోగానే కాంట్రాక్టరు పనీ అయిపోయింది. తర్వాత ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో, నేను పని చేసే పెయింట్ షాపులోనే, అట్టడుగున చేరాడు. వయసులో నాకంటే పెద్ద. పనిలో నా కింద.

ఇక్కడ నా గురించి చెప్పుకోవాలి. నేను గీతలు కొట్టేవాణ్ణి. బోగీకి ఒంటిరంగు వేసి ఆరాక, కిటికీల కింద బోగీ పొడవునా వెళ్ళే సన్నగీత ఉండేది చూడండి, అది నాది. చెయ్యి వణక్కుండా, ఊపిరి బిగబట్టి, ఒక తలుపు నుంచి ఇంకో తలుపు దాకా బ్రష్షు ఎత్తకుండా లాగేవాణ్ణి. షాపులో అందరూ నన్ను మెచ్చుకునేవారు. ఆ మెప్పు నాకు ఎంత అలవాటైపోయిందంటే, ఇంకొకరు బాగా గీస్తే నాకు ఆకలి వేసేది కాదు. సిగ్గుపడే మాటే, కానీ అలాగే ఉండేది.

మా పాత రైల్వే కంపెనీ పోయి అంతా ఒక్కటైనప్పుడు మాకూ అదే జరిగింది. పాత బోగీలకి రెండు గీతలుండేవి, ఒకటి లావు, దాని కింద ఒకటి సన్నం, రెండూ పసుపు. కొత్త పద్ధతిలో ఆ జంట ఎగిరిపోయి, ఒక్క సన్నగీతే మిగిలింది. ఆ జంట గీతలున్న ఆఖరి బోగీ షాపులోకి వచ్చినప్పుడు దాన్ని గీకడానికి నాకు చేతులు రాలేదు. టీ నెపం పెట్టి బయటికి పోయాను. నా గీతల కోసం నేను అంత బాధపడ్డాను గాని, బావ తన కొంగ గురించి మాట్లాడితే మాత్రం వీధిలో వాళ్ళతో కలిసి నవ్వాను. రెండూ ఒకటేనని అప్పుడు నాకు తట్టలేదు.

మా వర్క్‌షాపులో ఏడాదికోసారి, విశ్వకర్మ పూజ నాడు, గేట్లు తెరిచేవారు. ఆ రోజు యంత్రాలు ఆగిపోతాయి. ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ కొత్తబట్టలు కట్టుకుని, మగవాళ్ళు రోజూ మసి పూసుకునే చోటుని చూడటానికి వస్తారు. ఒక్కో షాపూ తన గొప్ప చూపించుకోవడానికి ఏదో ఒకటి తయారు చేస్తుంది. ఒక ఏడు ఏం చెయ్యాలని మా షాపులో మాట వచ్చేసరికి, వడ్రంగం చూసే బెంగాలీ మిస్త్రీ అన్నాడు, "మన జామాయ్‌బాబు ఉన్నాడు కదా! ఆయన విమానమే చేద్దాం." బెంగాలీలో జామాయ్‌బాబు అంటే అక్క మొగుడు. నాకు బావ కాబట్టి షాపు మొత్తానికీ బావే.

ఆ సాయంత్రం మా అక్క రొట్టెలు కాలుస్తూ నాతో ఒక మాట అంది.

"ఒరే తమ్ముడూ, పెళ్ళైన కాడ్నించి ఆ కొంగ కతే ఇంటన్నాను. ఈదిలో అందరూ పకపకలాడతంటే నాను తల దించుకోవాల. ఈసారి నా కళ్ళతో సూస్తాను. ఆయన సెప్పినట్టుంటే నిజం. నేదంటే నాను కూడా నవ్వుతాను."

"ఉత్త బొమ్మే కదే అక్కా."

"బొమ్మే గాని, సరిగ్గా సెయ్యండి."

మిస్త్రీ చెక్కలతో చట్రం కట్టాడు. దాని మీద పాత బోగీల పైకప్పు నుంచి ఊడదీసిన కాన్వాసు బిగించారు. పూర్తయ్యేసరికి ఇద్దరు మనుషులు పడుకున్నంత పొడవు, కాస్త బొద్దు. నేల మీద నిలబెడితే తోక కిందికి, ముక్కు పైకి. బావ చెప్పినట్టే ఆ రకం విమానాలు అలాగే కూర్చుంటాయట. పూజ నాడు దాన్ని క్రేన్‌కి గొలుసులతో వేలాడదీసి, జనం నెత్తి మీద ఎగురుతున్నట్టు ఉంచాలని ఆలోచన.

బావ రోజులో సగం రంగు కలపడంలోనే గడిపేవాడు. ఆకుపచ్చ కుదిరేది కాదు. కొంచెం నీలం, కొంచెం పసుపు, చిటికెడు నలుపు, చెక్క మీద రాసి వెలుతురులోకి పట్టుకెళ్ళి చూసేవాడు. "గార్డు జెండాలాగుంది, వొద్దు. అరిటాకు, వొద్దు." చివరికి ఒకరోజు చెక్క పట్టుకుని మాట్లాడకుండా నిలబడిపోయాడు. కుదిరిందని మాకు తెలిసింది. తోక చెక్క మీద కొంగని రాసినప్పుడు షాపులో సగంమంది చుట్టూ చేరారు. ఒక కాలు వెనక్కి చాచి, మెడ సాచి, ఇప్పుడే నీళ్ళలోంచి లేచినట్టుంది. ఫిట్టరు కూడా తన పని వదిలి వచ్చి చూశాడు. నాకు ఆ రోజు అన్నం సహించలేదు.

ఇక మిగిలింది గీత. ముక్కు దగ్గర సూదిమొనలా మొదలై, కిటికీల కిందుగా పోయి, కొంగ కాళ్ళ దగ్గర ఆగాలి.

"గీత నాను కొడతాను బామ్మర్దీ," అన్నాడు బావ.

"గీత నాది. ఈ షాపులో గీతెవరు కొడతారో అందరికీ తెలుసు."

"ఇది బోగీ కాదురా."

"గీత గీతే. దేని మీదైతేనేటి?"

మర్నాడు నేను ఆయన్ని ఏదో సరుకు కావాలని స్టోర్సుకి పంపాను. ఆ సరుకు అంత అవసరం ఏమీ లేదు. స్టోర్సులో ఎంతసేపు నిలబెడతారో నాకు తెలుసు. ఆయన తిరిగి వచ్చేలోపు పని ముగించాలి, అంతే. ముక్కు దగ్గర నేల నుంచి ఎత్తు కొలిచాను, తోక దగ్గరా అదే ఎత్తు కొలిచాను, సుద్దతాడు బిగించి, లాగి వదిలి గుర్తు కొట్టాను. బోగీకి అలాగే చేస్తాం. బోగీ పట్టాల మీద చదునుగా నిలబడుతుంది, పట్టా నుంచి కొలిస్తే గీత తప్పదు. సుద్దగుర్తు మీద బ్రష్షు లాగాను. కిటికీలు కూడా ఆ గీతని బట్టే వేయించాను. దూరం నుంచి చూస్తే ఎంత ముద్దుగా ఉందో! దుమ్ము పడకూడదని గుడ్డ కప్పేశాను. తోక చెక్క ఇంకా బిగించలేదు.

సాయంత్రం బావ వచ్చి, గుడ్డ ఎత్తబోతే ఆపాను.

"తడిగా ఉంది. ఎత్తేటప్పుడు సూద్దువుగాని."

పూజకి ముందురోజు మధ్యాహ్నం తోక బిగించి, గొలుసులు తగిలించి, క్రేన్‌తో ఎత్తి చూశారు. విమానం నేల వదిలి, ఊగి, గాలిలో చదునుగా నిలిచింది. మిస్త్రీ గుడ్డ లాగాడు.

ముందు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. విమానం తిన్నగానే ఉంది. గీత మాత్రం తోక దగ్గర పైనుంచి ముక్కు దగ్గర కిందికి జారుతోంది. కిటికీలు మెట్లలాగా దిగుతున్నాయి. వెనక చూస్తే, కాళ్ళ దగ్గర ఆగాల్సిన గీత కొంగ మెడకి ఉరితాడులా తగిలింది.

"అరే, ప్లేన్ తో పోడ్ఛే!" అని అరిచాడు మిస్త్రీ. విమానం పడిపోతోందని. షాపంతా గొల్లుమంది.

ఫిట్టరు నా భుజం తట్టాడు. "గీతల మేస్త్రీ, దీన్ని ఏ ఊళ్ళో దించేస్తన్నావు?"

బావ నవ్వలేదు. దగ్గరికి వచ్చి, తల ఎత్తి, గీతని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"నేల నించి కొలిసినావా?"

"ఊఁ."

"నేల మీదున్నప్పుడు తోక దించుకుని కూసుంటాది. లేసినాక నేలతో దానికేటి పని? దాని ముక్కు నించి దాని తోకకి కట్టాల దారం."

కోపంగా అనలేదు. నాకు అదే కష్టమైంది.

మిస్త్రీ మంచివాడు. నా ముఖం చూసి దారి చూపించాడు. ముందు గొలుసు రెండు లింకులు పొట్టి చేస్తే ముక్కు పైకి లేస్తుంది, గీత చదునవుతుంది, పైకి లేస్తున్న విమానం అనుకుంటారు. చేసి చూపించాడు కూడా. నిజంగానే గీత సరిపోయింది. "ఠీక్ హై, ఠీక్ హై," అన్నారు అందరూ. కొంగ మెడ సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని ఎవరు చూస్తారు?

నేను బావ వైపు చూశాను. ఆయన తోక వైపు చూస్తున్నాడు.

"అలగే కానీండి," అన్నాడు. "జనాలకి తెలీదు కదా."

అంత గొంతు తగ్గించి ఆయన మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. విమానం చప్పుడు వినగానే వీధి మొత్తం అదిరేలా మాట్లాడే మనిషి. ఆ ఒక్క మాట ఒప్పుకుంటే నా పరువు నిలబడుతుంది. ఒప్పుకోవాలనే అనిపించింది కూడా, అది దాచను. కానీ రేపు అక్క వస్తుంది. తను చూడటానికి వచ్చేది నా గీతని కాదు. తెలియకుండా తప్పుడు కొంగని చూసి, అదే నిజమనుకుని వెళ్ళిపోతుంది. బావ పక్కనే నిలబడి, ఇదే నా కొంగ అని అబద్ధం చెప్పాల్సి వస్తుంది. మొదటిసారి ఆయన చేత అబద్ధం ఆడించేది నేనవుతాను.

"దించండి," అన్నాను.

"ఏటి?"

"దించీండి. తెల్లరంగు పట్రండి, తొందరగా ఆరాలి, డ్రైయరు ఎక్కువ కలపండి."

నా గీత మీదా, కిటికీల మీదా నేనే తెలుపు వేశాను. ఎవరూ నవ్వలేదు గానీ, ఎవరూ పనికి కూడా వెళ్ళలేదు. అందరూ చూస్తుండగానే వేశాను. తర్వాత నా పెట్టెలోంచి గీతల బ్రష్షు తీశాను. దాన్ని ఇంట్లో కూడా ఎవరినీ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు.

"ఇదిగో బావా."

బావ వెనక్కి తగ్గాడు. "నీ బ్రష్షే? నాకొద్దు బాబూ! ఎంటిక ఊడిందని రేపు పంచాయితీ పెడతావు."

"పెట్టను. పట్టుకో."

పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి, ముక్కుకీ తోకకీ దారం కట్టి, ఆయన గీత లాగాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను. నాలా ఊపిరి బిగబట్టలేదు. ఏదో కూనిరాగం తీస్తూనే లాగాడు. అది నాకు ఇప్పటికీ నచ్చదు. గీత మాత్రం సూదిమొనలా మొదలై, కొంగ కాళ్ళ కింద, అది లేచిన నీళ్ళ అంచులాగా ఆగింది. ఆ తర్వాత కిటికీలు నేను వేశాను, ఆయన చెప్పిన చోట.

గేట్లు తీసేసరికి సన్నగా వాన పడి వెలిసింది. బయట ఖరిదా పేట వైపు ఆకాశం నిండా పూజ నాడు ఎగరేసే గాలిపటాలు. మా వీధి వాళ్ళంతా గుంపుగా వచ్చారు. విమానం ఇంకా నేల మీదే ఉంది, రంగు ఆరలేదని ఎత్తలేదు. "తడి రంగు, ఎవరూ ముట్టుకోకండి!" అని బావ అందరినీ కసురుతున్నాడు.

అక్క చుట్టూ ఒకసారి తిరిగింది. తోక దగ్గర ఆగింది.

"ఇదేనా నీ కొంగ?"

"ఇదే."

"నువ్వు సెప్పినదానికన్నా సిన్నగుంది," అంది. తర్వాత చూపుడువేలు చాచి, ఆకుపచ్చ గీత చివర మెల్లగా తాకింది. వేలికి రంగు అంటుకుంది. అందరినీ కసిరిన మనిషి ఆమెని ఏమీ అనలేదు.

"ఓలమ్మ, నిజంగానే ఆరనేదు," అంటూ అక్క చీర కుచ్చిళ్ళకి వేలు తుడుచుకుంది. ఉతికినా పోని ఆ మచ్చతోనే ఆ చీర చాన్నాళ్ళు కట్టింది.

కాసేపటికి క్రేన్ ఎత్తింది. విమానం మా నెత్తుల మీద తిన్నగా నిలిచింది. ఫిట్టరు ప్రసాదం కిచిడీ దొప్ప పట్టుకుని చాలాసేపు పైకి చూశాడు. "బాగుంది బావగోరూ," అన్నాడు చివరికి. "సేపలే తినేలాగుంది."

పూజ అయ్యాక చట్రం విప్పేశారు. కాన్వాసు బావ ఇంటికి తెచ్చుకుని, పెరట్లో కోళ్ళగూటి మీద వాన పడకుండా కప్పాడు. గీత రోడ్డు వైపుకి ఉండేలా కప్పాడని వేరే చెప్పక్కర్లేదు. తోక చెక్క గూటి తలుపైంది. వానలకీ ఎండలకీ వెండి రాలిపోయింది, తెలుపు మాసింది. ఆకుపచ్చ మాత్రం నేను రిటైరయ్యే దాకా ఉంది.

బావని నేను క్షమించమని ఏనాడూ అడగలేదు. ఆయనా ఆ ఊసెత్తలేదు. కానీ ఆ తర్వాత ఎప్పుడు విమానం పోయినా, వాకిట్లో నిలబడి తన కొంగ కథ మొదటి నుంచి మొదలుపెట్టి, సగంలో ఆపి, నా వైపు తిరిగేవాడు.

"ఏం బామ్మర్దీ, అవునా కాదా?"

"అవును బావా," అనేవాణ్ణి.

ఒక్కోసారి కథలో కొత్తగా ఇంకో కొంగ చేరేది, కంపెనీ మేనేజరు వచ్చి బావ చెయ్యి పట్టుకుని ఊపేవాడు. అప్పుడు కూడా అవుననే అనేవాణ్ణి.