సందు విడిచిన బండలు

మా ఊరి దాహం విచిత్రమైనది. ఇటు అనంతగిరి కొండల్లో మూసీ పుట్టి హైదరాబాదు దారి పడుతుంది. అటు తాండూరు పక్కనుంచి కాగ్నా నది కర్ణాటకకు పోతుంది. మధ్యలో ఉన్న మేము బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం ఎదురుచూసేవాళ్లం. ఊరి పక్క వాగు వానాకాలంలో నాలుగు రోజులు ఉరికి, మాకో మాట చెప్పకుండా వెళ్లిపోయేది. ఒక ఎండాకాలం వరసగా మూడు రోజులు ట్యాంకరు రాకపోయేసరికి ఆడవాళ్లమంతా ఖాళీ బిందెలతో మున్సిపాలిటీ ఆఫీసు ముందు కూర్చున్నాం. బడిలో పిల్లలకు క్రమశిక్షణ నేర్పే టీచరమ్మను, ముందు వరసలో నేనే ఉన్నాను. వాగుకు అడ్డంగా కట్ట వేయాలన్న కాగితం మా బిందెల చప్పుడుకే కదిలిందని నా నమ్మకం. ఆఫీసువాళ్లు వేరే కారణాలు చెబుతారు. చెప్పుకోనివ్వండి.

కట్టకు నల్లమట్టి చుట్టుపక్కల పొలాల నుంచి వచ్చింది. లోపలి వాలుకు రాయి కావాలి. తాండూరు ప్రాంతంలో రాయికి కరువేముంది? గనుల పక్కన, పాలిషింగ్ యూనిట్ల వెనక, విరిగిన నాపబండలు గుట్టలు గుట్టలుగా పడి ఉంటాయి. తీసుకుపోతామంటే వాటి యజమానులు పీడ విరగడైందని సంతోషించారు. ఆ బండలు పరిచే పని మా నాన్నకు అప్పగించారు.

నాన్న నలభై ఏళ్లుగా ఇళ్లలో బండలు పరిచే మేస్త్రీ. ఆయన పరిచిన రెండు బండల మధ్య గోరు కూడా దూరదని ఊరు చెప్పుకునేది. చదువు లేదు, పొలం లేదు, ఆయనకున్న ఆస్తల్లా ఆ పేరే. "నా బండ కదలది" అని అన్నం తింటూ కూడా అనేవాడు. "నువ్వు గూడ కదలవు, జర జరుగు, కూర వెయ్యాలె" అనేది అమ్మ.

కట్ట పని చూసే ఇంజనీరు వికారాబాదు నుంచి రోజూ వచ్చే చిన్నవయసు అమ్మాయి. మొదటి రోజే నాన్నకు చెప్పింది, బండకూ బండకూ మధ్య వేలు పట్టేంత సందు విడవాలని, అందులో సిమెంటు పెట్టొద్దని.

నాన్నకు తల కొట్టేసినట్టయింది. "గా సందులేంది మేడమ్? జనం చూస్తె నవ్వరా?"

"ఇది ఇల్లు కాదు మేస్త్రీ. కట్ట నీళ్లు తాగుతది. చెరువు దిగినప్పుడు ఆ నీళ్లు బయటికి రావాలె. దారి లేకపోతె బండల్ని నూకేస్తయ్."

నాన్న తలూపాడు. ఆమె ఉన్నన్నాళ్లూ సందులు విడిచాడు కూడా. కానీ ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ సణిగేవాడు. వానలకు ముందు ఆమెకు జ్వరం వచ్చి వారం రోజులు రాలేదు. తూము పక్కన ముప్పై అడుగుల మేర మిగిలింది. ఊరివాళ్లు నిలబడి చూసేది అక్కడే. అక్కడ నాన్న మనసు ఆగలేదు. నాన్న దగ్గర పాతికేళ్లుగా సిమెంటు, ఇసుక మాలు కలిపే చాచా, "వద్దు భాయ్, మేడమ్ చెప్పింది గదా" అన్నాడట. నాన్న వినలేదు. బండలను ఇంట్లో పరిచినట్టే దగ్గరగా చేర్చి, సందు కనపడకుండా సిమెంటు పూశాడు. చూసినవాళ్లు మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను, ఫొటో కూడా తీశాను. ఆమె తిరిగి రాకముందే పెద్ద వాన పడింది, వాగు నిండింది, ఆ ముప్పై అడుగులు నీళ్ల కిందికి పోయాయి.

ఆ ఏడాది మా ఊరు చెరువు చూసి మురిసిపోయింది. సాయంత్రమైతే కట్ట మీద జాతరే. నల్లాలో నీళ్లు వచ్చిన మొదటి పొద్దున అమ్మ ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నింపింది, చివరికి టీ గ్లాసులు కూడా. నేను నవ్వుతూనే ఇంకో చెంబు అందించాను.

ఎండాకాలంలో తూము తలుపు బాగుచేయడానికి నీళ్లు గబగబా దించారు. రెండో రోజుకు నాన్న మెచ్చి పరిచిన ఆ ముప్పై అడుగులు పెనం మీద జొన్నరొట్టెలా పొంగి, జారి, కిందికొచ్చి పడ్డాయి. మిగతా కట్టంతా చెక్కుచెదరలేదు. జనం పోగయ్యారు. సిమెంటు మంచిది కాదన్నారు కొందరు. మాలు కలిపినవాడు ఇసుక ఎక్కువేశాడన్నారు ఇంకొందరు. చాచా తల వంచుకుని నిలబడ్డాడే తప్ప నాన్న పేరు ఎత్తలేదు.

నాన్న జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. "మాలుది తప్పు లేదు. మాలు కలిపినాయన వద్దన్నడు. సందులు మూసింది నేనే" అన్నాడు.

నాకు సిగ్గేసిందని దాచను. అంతకంటే ఎక్కువ గర్వమేసింది.

ఇంజనీరమ్మాయి అరవలేదు. "మళ్ల పరచున్రి మేస్త్రీ" అంది, అంతే. నాన్న, చాచా ఇద్దరే ఆ ఎండలో బండలన్నీ ఎత్తి, కంకర సర్ది, మళ్లీ పరిచారు. నాన్న ప్రతి సందులో వేలు పెట్టి చూసుకున్నాడు. పని అయిపోయాక మాత్రం ఇంట్లో కూర్చుండిపోయాడు. ఎవరు పిలిచినా ఏదో ఒక సాకు చెప్పేవాడు. కరణ్‌కోటలో కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు బతిమాలినా పోలేదు. చాచా ఒక్కడే పనికి పోయేవాడు.

మరుసటి ఎండాకాలం మళ్లీ నీళ్లు దించారు. నాన్న చూడటానికి రానన్నాడు. నేనే పోయాను. ప్రతి సందులోంచీ సన్నగా నీళ్లు కారుతున్నాయి, బండలు మాత్రం వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఇంటికొచ్చి చెబితే "సరే" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. ఒక మనిషి ఒక్క తప్పుకు తనను తాను ఎన్నాళ్లు గోడకుర్చీ వేయించుకుంటాడు?

ఆ వారమే ఇంజనీరమ్మాయి మా ఇంటికి వచ్చింది. చాయ్ కూడా తాగకుండా విషయంలోకి దిగింది.

"దోమ మండలం దిక్కు ఒక చెరువుకు బండలు పరుస్తున్రు మేస్త్రీ. మా పనోళ్లు సందులన్నీ మూసేస్తున్రు. జర వచ్చి చూపిస్తరా?"

నాన్న తన చేతులకేసి చూసుకున్నాడు. "నా బండ కదిలింది మేడమ్. ఊరంత ఎరుకే. నన్నెట్ల పిలుస్తున్నరు?"

"అందుకే పిలుస్తున్న. బండ ఎందుకు కదుల్తదో మీకు ఎరుక. వాళ్లకు ఎరుక లేదు."

నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు. తర్వాత అడిగాడు.

"పొద్దుగాల ఎన్ని గంటలకు రావాలె?"

ఆమె నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అమ్మ జవాబిచ్చింది. "ఆరుగొట్టంగనే పంపిస్త, తీస్కపో బిడ్డా."