నాన్నల్ని బయట కూర్చోబెట్టిన సుబేదారు

సుబేదారు గారు పోయారు. మంగళవారం పొద్దున్న ఆసుపత్రి నుంచి నా కొడుకే ఫోను చేశాడు. "నాన్నా, సుబేదారు గారు ఎల్లిపోనారు," అన్నాడు. చొక్కా తగిలించుకుని బయల్దేరాను. మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో ఏ టీ కొట్టు దగ్గర చూసినా అదే మాట. మన తెలుగువాళ్ళే కాదు, బెంగాలీలు, ఒడియా వాళ్ళు, బీహారీలు కూడా సైకిళ్ళు దిగి నిలబడి ఉన్నారు.

ఆయన గురించి నాలుగు ముక్కలు రాయమని మనవాళ్ళు అడిగారు. నేను ముప్పై ఎనిమిదేళ్ళు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసినవాణ్ణి. నా చదువు మూడో తరగతితో సరి. నేను రాసిన వంకర అక్షరాలను మనవరాలు దిద్దింది. పొగడడం నాకు చేతకాదు, ఆయనకు గిట్టేదీ కాదు. జరిగింది రాస్తాను.

ఆయనా నేనూ రైల్వే క్వార్టర్ల పక్కపక్క లైన్లలో పెరిగాం. నాకంటే రెండేళ్ళు చిన్న. మా నాన్నలిద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వేలో బరువులు మోసే ఖలాసీలుగా చేరినవాళ్ళు. మేమంతా వర్క్‌షాపు గేటు వైపే చూస్తుంటే ఆయన పటాలంలో చేరారు. ఇరవై ఎనిమిదేళ్ళ తరువాత సుబేదారై తిరిగొచ్చారు. బ్యాంకు గుమ్మంలో తుపాకీ పట్టుకుని హాయిగా కూర్చోవచ్చు. కూర్చోలేదు. ప్రభుత్వం వారి యువజన కేంద్రంలో కసరత్తు నేర్పే మాస్టారుగా చేరి, చివరికి ఆ ఆఫీసుకు పెద్ద అయ్యారు. పెద్ద అయ్యాక జీపు ఇచ్చారు. అది ఎక్కువగా షెడ్డు పక్కన ఎండలోనే ఉండేది. ఈయన పిల్లల వెనకాల నడిచేవారు.

వెనకాల అని ఊరికే రాయలేదు. ఆయన పద్ధతే అది. ఒక బెంగాలీ పిల్లకు ఏదో సర్టిఫికెట్ కావాలి, ఆఫీసులో నెలల తరబడి తిప్పుతున్నారు. "మీరు ఒక్క మాట చెప్పండి దాదా" అని ఏడ్చింది. "నాను మాటాడను. నువ్వే మాటాడు. నీ ఎనకాల నిలబడతాను," అన్నారు. అది ఆ పిల్లకు తెలుగులో ఎలా అర్థమైందో నాకు తెలియదు గానీ అయింది. కౌంటరు దగ్గర పిల్ల మాట్లాడుతుంటే ఈయన చేతులు వెనక్కి కట్టుకుని, మీసాలతో, కదలకుండా నిలబడ్డారు. గుమస్తా ఒకసారి పిల్లను, ఒకసారి మీసాన్ని చూసి కాగితం ఇచ్చేశాడు. ఆ తరువాత ఆ పిల్లే వేరేవాళ్ళ వెనకాల నిలబడేది.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. తండ్రి కొడుకును వెంటబెట్టుకుని వస్తే తండ్రిని బయట బెంచీ మీద కూర్చోమనేవారు. లోపల ఆ కుర్రాణ్ణి నీకేం కావాలని అడగరు. నిన్న ఏం చేశావని అడుగుతారు. పొద్దున్న లేచింది మొదలు పడుకునే దాకా అన్నీ చెప్పాలి.

నేను రిటైరయ్యే ఏడాది ఆ బెంచీ మీద నేనూ కూర్చున్నాను. రైలు క్వార్టరులో పుట్టి పెరిగినవాళ్ళకు నా బాధ చెప్పనక్కర్లేదు. కొడుక్కి రైల్వేలో ఉద్యోగం రాకపోతే క్వార్టరు ఖాళీ చేయాలి. నా చేత్తో సున్నం వేసిన గోడలు, నేను వేసిన పనస చెట్టు. మావాడు రెండుసార్లు రైల్వే పరీక్ష తప్పాడు. మూడోసారికి తయారు చేయమని తీసుకెళ్ళాను. కిటికీ తెరిచే ఉంది, అన్నీ వినపడ్డాయి.

"నిన్న ఏటి సేసినావు?"

"ఏటీ సెయ్యలేదు సార్."

"ఏటీ సెయ్యకుండా పొద్దెలగ గూకింది? సెప్పు."

మావాడు నసిగాడు. పక్కింటి బెంగాలీ ముసలావిడకు షుగరు, కాలి మీద పుండు. "కోడలు దీదీకి సూస్తే కళ్ళు తిరుగుతాయి సార్. నానే కడిగి కట్టు కడతన్నాను."

"ఎన్నాళ్ళనించి?"

"రెండు నెల్లయినాది."

ఆ రెండు నెలలూ వాడు ఆ ఇంటి వరండాలో పరీక్షకు చదువుతున్నాడనే నేను అనుకుంటున్నాను.

సుబేదారు బయటికొచ్చారు. "ఫిట్టరన్నా, నీ కొడుక్కి పని ఎప్పుడో దొరికింది. ఇంక సదువే ఎతకాల. నర్సు సదువు."

"మొగోడు నర్సేటి సుబేదారూ? పటాలంలో తలకి దెబ్బ తగిలిందేటి నీకు?"

"తలకి కాదు, కాలికి." పంట్లాం పైకి లాగి మచ్చ చూపించారు. "తూటా తీసినాక పదిహేను రోజులు నా దొడ్డీ దోకూ ఎత్తినోడు నీకంటే పెద్ద మీసాలోడు."

"క్వార్టరు పోతాది!"

"పోనీ. అది రైలోళ్ళది. ఈడు నీవోడు. నాలుగు గోడల కోసం ఈడిని తాకట్టెట్టెస్తావేటి?"

అప్పుడు నా నోటి నుంచి ఆ మాట వచ్చింది. "నీకు పిల్లల్లేరు. తండ్రి బాధ నీకేటి తెలుస్తాది?"

బయట ఆడుకుంటున్న పిల్లలు కూడా ఆగిపోయారు. ఆయన పంట్లాం కిందికి దించుకున్నారు. "నిజమే అన్నా," అని లోపలికి వెళ్ళిపోయారు.

నా కొడుకు నా మాట వినలేదు. కటక్ వెళ్ళి ఆ చదువే చదివాడు. క్వార్టరు పోయింది, ఝపటాపూర్‌లో అద్దెకు దిగాం. నేను సుబేదారుతో మాట్లాడడం మానేశాను. గోల్‌బజార్‌లో చేపల కొట్ల దగ్గర ఎదురుపడితే "బాగున్నావా అన్నా?" అనేవారు. నేను కొనని చేపకు కూడా మొప్పలెత్తి చూసేవాణ్ణి. ఏళ్ళు గడిచాయి. మావాడు ఈ ఊరి ఆసుపత్రికే వచ్చాడు. ఎవరైనా అడిగితే ఆసుపత్రిలో ఆఫీసరని చెప్పేవాణ్ణి. వాడి పని చూడ్డానికి ఒక్కరోజూ వెళ్ళలేదు.

పోయిన నెల సుబేదారును అక్కడే చేర్చారు. "నువ్వెల్లకపోతే నానెల్తాను, ఎల్లి నీ బదులు నానే సెప్పీసొస్తాను," అని మా ఆవిడ రోజూ సాధించింది. ఒక పొద్దున్న వెళ్ళాను. చెప్పాల్సిన మాట దారంతా నోట్లో నమిలాను. ఆయన గదికి పోవడానికి దారి లేదు. వరండా పొడుగునా మనుషులు. ఒక ఆడ పోలీసు, ఒక బస్సు కండక్టరు, ఒక బడి మాస్టారు, ఇంకా ఎందరో. ఆ రాత్రి తోడు ఉండే వంతు తనదంటే తనదని మెల్లగా గొడవ పడుతున్నారు. ఆయనకు పిల్లల్లేరని అన్నది నేను. ఆ వరండాలో గోడకు నొక్కుకుని, పక్కకు తిరిగి నడవాల్సి వచ్చింది.

లోపల మంచం మీద బాగా చిక్కిపోయిన మనిషి. నా కొడుకు తెల్ల చొక్కాలో, చేతిలో స్టీలు గిన్నెతో వచ్చాడు. గదిలో ఉన్నవాళ్ళను బయటికి పంపించాడు. నేనూ లేచాను. "నువ్వుండు నాన్నా, ఇది పట్టుకో," అని గిన్నె నా చేతిలో పెట్టాడు. గోరువెచ్చని నీళ్ళు. సుబేదారు గడ్డానికి సబ్బు నురగ రాశాడు.

"సుబేదారూ," అన్నాను. "ఆ రోజు నానన్న మాట..."

"ఏ రోజు?"

"అదే, బెంచీ కాడ. పిల్లల్లేరని..."

ఆయన ఒక కన్ను తెరిచి నన్ను చూశారు. గొంతు సగమే పలుకుతోంది. "మాటాడించకు అన్నా. దవడ కదిల్తే నీ కొడుకు కోసెత్తాడు."

మావాడు నవ్వాడు. నా చేతిలో గిన్నె ఒక పక్కకు ఒరిగింది. తలెత్తకుండానే వాడు ఎడమ చెయ్యి గిన్నె కింద పెట్టి నిలబెట్టాడు, మళ్ళీ పనిలో పడ్డాడు. రెండు వేళ్ళతో ముడతలు సాగదీసి, ఆ తెల్ల మీసానికి ఒక్క వెంట్రుక దూరంలో రేజరు నడిపిస్తున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు చేతి పని చేసినవాణ్ణి, చెయ్యి చూస్తే నాకు తెలుస్తుంది. అది తొందరపడని చెయ్యి. రేజరు నీళ్ళలో ముంచి విదిలించాడు. సుబేదారు కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి, వాడికి మెడ అందించారు.